రెండో బ్రేకు

డ్రైవింగ్ నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. మొదటిది నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ల కాలి కింద. మొదటిది కారును ఆపడానికి పుట్టింది. రెండోది మొదటిదాని మీద ఎవరికీ నమ్మకం లేక పుట్టింది. ఈ రెండో బ్రేకు మీద ఇరవైమూడేళ్లు కుడికాలు వేలాడదీసిన ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఎదురుగా మాస్టారనీ, చాటుగా బ్రేకు మాస్టారనీ అంటారు. రెండోది ఆయన చెవిన పడకపోలేదు. పడినా బిరుదుగానే స్వీకరించాడు.

వేలాడదీయడమన్నది మాట వరసకి అన్నది కాదు. పెడల్ మీద కాలు ఆనిస్తే కారు కదలదు. నేల మీద పెట్టుకుంటే వేళకి అందదు. కాబట్టి పెడల్‌కి రెండు వేళ్ల ఎత్తున, మోకాలు బయటికి తిరిగి, మడమ ఆనీ ఆననట్టుగా కాలు గాలిలో నిలబడాలి. అలా ఉండమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాలే సొంతంగా తీర్మానం చేసుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే లేచిన ఆ పాదం మళ్లీ పూర్తిగా కిందికి దిగలేదు. కారు దిగినా దిగలేదు. బస్సులో కూర్చుంటే ముందు సీటు కింద ఇనుప కడ్డీని తొక్కేవాడు. క్షౌరశాలలో కుర్చీ వెనక్కి వాల్చగానే తొక్కేవాడు. ఇంట్లో టీవీ ముందు తివాచీకి ఒకచోట మాత్రం నూలు బయటపడింది.

"తివాచీ ఏం చేసిందండీ మిమ్మల్ని?" అని అడిగేది భార్య.

"ఎదురుగా లారీ."

"లారీ టీవీలో ఉంది."

"ఎక్కడుంటేనేం, లారీ లారీయే."

భార్య కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా మనుషులకు అక్షరాలు చూపించి ఏది కనబడుతోందో, ఏది కనబడటం లేదో అడగడమే ఆవిడ పని. అందుచేత ఇంట్లో కూడా తనకు కనబడనిది లేదనుకుంటుంది. చాలావరకు అది నిజమే.

నొప్పి మొదట కుడి పిరుదులో మొదలైంది, వెనక జేబులో మరిచిపోయిన గులకరాయి మీద కూర్చున్నట్టు. మాస్టారు జేబు తడుముకున్నాడు. జేబులో ఏమీ లేదు. ప్యాంటు మార్చాడు. సీటు మీద మెత్త వేశాడు. ఒక నెలకి రాయి పల్చబడి, తొడ వెనక నుంచి పిక్క దాకా ఒక తీగలా సాగింది. కూర్చుంటే ఎక్కువ, లేచి నాలుగడుగులు వేస్తే తక్కువ. కానీ ఆయన జీతం తీసుకునేది కూర్చున్నందుకు. ఇంకో నెలకి నొప్పి కొంచెం తగ్గింది. తగ్గిందని ఆయన సంతోషించాడు. తగ్గిన చోట ఏమీ మిగల్లేదని గమనించడానికి మరికొన్ని రోజులు పట్టింది. అరికాలు ఉండీ లేనట్టుగా, ఎవరిదో పాదం తన బూటులో పెట్టుకుని తిరుగుతున్నట్టుగా ఉండేది.

డ్రైవింగ్ స్కూలు యజమాని స్వయానా బావమరిది, భార్యకు తమ్ముడు. బావ కుంటడం చూసి ఒక్క చూపులో రోగం తేల్చేశాడు.

"నడుము బావా. నీ వయసులో అందరికీ నడుమే. మా స్నేహితుడికి ఇలాగే వస్తే బెల్టు పెట్టుకున్నాడు, దెబ్బకి సర్దుకుంది."

"నొప్పి నడుములో లేదురా, ఇంకా కింద."

"నీకు కింద తెలుస్తుంది, వచ్చేది పైనుంచే. ఫోటో తీయించుకో."

ఫోటో తీయించారు. గొట్టంలో పడుకోబెట్టి డబడబ చప్పుళ్ల మధ్య ముప్పావుగంట తీసిన ఆ ఫోటోలో, వెన్నుపూసల మధ్య ఒక డిస్కు కొద్దిగా ఉబ్బినట్టు కనబడింది. యాభై దాటిన పదిమందిని తెచ్చి అదే గొట్టంలో తోస్తే సగంమందికి పైగా కనబడే ఉబ్బే అది. కానీ కనబడ్డాక దాన్ని ఊరికే వదలడం మర్యాద కాదు. రెండు నెలలు నడుముకు బెల్టు బిగించుకుని, ఊరేగింపులో విగ్రహంలా నిటారుగా కూర్చుని మాస్టారు పాఠాలు చెప్పాడు. నడుముకు ఏ జబ్బూ లేదు కాబట్టి నడుము చక్కగా ఉంది. కాలు మాత్రం ఉన్నచోటే ఉంది.

పాదం స్పర్శ పోయిన సంగతి బావమరిదికి చెప్పలేదు. కారణం థియరీ గది.

స్కూలు వెనక భాగంలో ఉండేది ఆ గది. గోడల నిండా రేకుల మీద రంగులేసిన రోడ్డు గుర్తులు, ఒక బల్ల, ఒక నల్లబోర్డు. కారుకు పనికిరాని మాస్టర్లను బావమరిది అందులోకి మార్చేవాడు. చూపు తగ్గినాయన ఒకరు వెళ్లారు. పాఠం మధ్యలో కునుకు తీసినాయన ఒకరు వెళ్లారు. గదిలో కూడా కునుకు తీస్తున్నాడని బావమరిది అక్కడి కుర్చీని తీయించేశాడు. వెళ్లినవాళ్లెవరూ మళ్లీ కారెక్కలేదు. ఒక త్రికోణాన్ని చూపించి "ఇది దారి ఇవ్వండి" అని జీవితాంతం చెప్పడం, ఎవరూ ఎక్కడికీ కదలని చోట దారి ఇవ్వమని చెప్పడం, మాస్టారి దృష్టిలో పదవీ విరమణ కూడా కాదు, అంత్యక్రియలు. పక్క సీటు పోతే తనకు ఇంకో సీటు లేదని ఆయన నమ్మకం. అందుకని నోరు మూసుకున్నాడు.

రోజూ పొద్దున కారు తీసే ముందు రెండో బ్రేకును మూడుసార్లు తొక్కి చూసి, పుస్తకంలో సరే అని టిక్కు పెట్టాలి. ఆయన మూడుసార్లూ తొక్కేవాడు. టిక్కూ పెట్టేవాడు. ఇరవైమూడేళ్లలో ఒక్కరోజు మానలేదు.

ఒక సాయంత్రం ఆయన మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి, తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుంటుంటే భార్య ఆయన కాళ్ల వంక చూసింది.

"రెండో చెప్పు ఏదీ?"

ఆయన కిందికి చూశాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడికాలికి లేదు. భార్య తలుపు తీసుకుని వెళ్లి, రెండు అంతస్తుల కింద మెట్ల మలుపులో పడున్న చెప్పును తెచ్చి ఆయన ముందు పెట్టింది. రెండు అంతస్తుల మెట్లు, సిమెంటు మెట్లు, ఉత్తకాలితో ఎక్కి వచ్చాడు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది?"

"నన్ను కూడా మీ దగ్గర రోడ్డు గుర్తులు నేర్చుకునే పిల్లని చేయకండి. ఎప్పట్నుంచి తెలియడం లేదు?"

"కొన్నాళ్ల నుంచి. మీ తమ్ముడికి చెప్పకు," అన్నాడు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఏడ్చినా తిట్టినా ఆయనకు సులభంగా ఉండేది. మర్నాడు కళ్లద్దాల దుకాణం మేడమీద ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్లింది.

ఫిజియో డాక్టరమ్మ ఫోటోలు చూసి పక్కన పెట్టింది. వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా ఎత్తింది. కాలి వేళ్లతో తన చేతిని తొయ్యమంది, లాగమంది. కళ్లు మూయించి దూదితో అరికాలు ముట్టుకుంటూ ఎక్కడో చెప్పమంది. ఆయన మర్యాదగా ఊహించి చెప్పాడు. అన్నీ తప్పయ్యాయి. తర్వాత ఎడమవైపు తిరిగి పడుకోబెట్టి, పైనున్న కుడి మోకాలు మడిచి, మెల్లగా బల్ల వైపుకి అదిమింది. పిరుదు లోపల పాత గులకరాయి మళ్లీ ప్రత్యక్షమైంది.

"అమ్మో! అక్కడే, అక్కడే."

"ఇక్కడేనా?" అని బొటనవేలితో సరిగ్గా దాని మీదే నొక్కింది.

మాస్టారు బల్ల చివర ఉన్న గోడను తొక్కాడు.

డాక్టరమ్మ ఆ కాలి వంక, గోడ మీద పడిన మరక వంక కాసేపు చూసింది. "మీరేం పని చేస్తారు?" అని అప్పుడడిగింది. ఇంతకుముందు నడుము చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. "డ్రైవింగ్ మాస్టార్ని" అనగానే ఒక కుర్చీ చూపించి, "పనిలో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి," అంది.

కూర్చున్నాడు. కుడి మోకాలు బయటికి తిరిగింది. పాదం నేలకు రెండు వేళ్ల ఎత్తున లేచి నిలబడింది. డాక్టరమ్మ తన చక్రాల స్టూలును కాలితో గోడ వైపు తోసింది. అది గోడను చేరకముందే మాస్టారు నేలను దభీమని తొక్కాడు.

"రోజుకి ఎన్ని గంటలు?"

"తొమ్మిది," అంది భార్య. "ఇంటికొచ్చాక ఓవర్‌టైమ్."

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. వెన్నెముక అడుగున ముక్కోణపు ఎముక ఉంటుంది. అక్కణ్నుంచి తొడ ఎముక పైకొస దాకా, పిరుదు లోతులో, అరచేయంత కూడా లేని కండ ఒకటి అడ్డంగా సాగుతుంది. పేరు పిరిఫార్మిస్. కాలిని బయటికి తిప్పడం, పక్కకి జరపడం దాని పని. కాలంతటికీ వెళ్లే సయాటికా నరం దాని కిందుగానే దూరి వస్తుంది. కండ రోజంతా బిగుసుకునే ఉంటే నరం మీద ఒత్తిడి పడుతుంది. మొదట నొప్పి, తర్వాత తిమ్మిరెక్కడం, తర్వాత మొద్దుబారడం.

"అంటే నా నడుము..."

"మీ నడుము నిర్దోషి. బెల్టు తీసేయండి."

రెండు నెలల శిక్ష అనుభవించాక విడుదలైన ఆ నడుముకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

వైద్యం వినడానికి పెద్ద గొప్పగా లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. కుడి చీలమండ ఎడమ మోకాలి మీద వేసుకుని, ఎడమ తొడను రెండు చేతులతో ఛాతీ వైపు లాక్కోవాలి. పిరుదు సాగినట్టు తెలియాలి, కానీ పళ్లు బిగించేంత కాదు. ముప్పై లెక్కపెట్టి వదలాలి, మూడుసార్లు. ఆ తర్వాత కుడి మోకాలిని ఎడమ భుజం వైపు లాక్కోవడం, అదీ అంతే. పొద్దున, సాయంత్రం. వేడి కాపడం. అరగంటకోసారి లేచి నడవడం. కండ కాస్త సాగాక, చుట్టూ ఉన్న కండలు గట్టిపడేందుకు నడుమెత్తే వ్యాయామాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి, లొంగకపోతే ఇంజెక్షను గురించి పెద్ద డాక్టరుతో మాట్లాడటం.

"ఇంకోటి. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లకూ బలం తగ్గినా నా దగ్గరికి రావొద్దు. నేరుగా ఆసుపత్రికి పరిగెత్తండి. అది ఈ జబ్బు కాదు."

"పరిగెత్తగలిగితే మీ దగ్గరికెందుకొస్తానమ్మా," అన్నాడు మాస్టారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "స్పర్శ తిరిగొచ్చేదాకా ఆ కాలు ఎవరికీ బ్రేకు కాకూడదు. మీకు కూడా కాకూడదు, బండి నడపొద్దు. అర్థమైందా మాస్టారూ?"

మాస్టారు తలూపాడు. ఇరవైమూడేళ్లుగా ఎంతోమంది శిష్యులు తన ముందు ఊపిన తల అది. అర్థమైనవాళ్లూ అలాగే ఊపుతారు.

భార్య లెక్కపెట్టేది. "పదిహేడు, పద్దెనిమిది, పాలవాడు బిల్లిచ్చాడు బల్ల మీద పెట్టాను, పంతొమ్మిది..." వ్యాయామం అయ్యాక దుకాణంలో అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో ఆయన అరికాలు పరీక్షించేది.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇంకా ముట్టుకోలేదు."

"మరి లేదన్నది సరైన జవాబే కదా."

ఆవిడ గుడ్డ మడిచి పెట్టేసేది. "తమ్ముడితో మాట్లాడారా?" అని అడిగేది. రేపంటాడని ఇద్దరికీ తెలుసు. ఆయన రేపనేవాడు. ఏదో భయం ఉండాల్సిన చోట కూడా ఆయనకు ఏమీ తెలియడం లేదు. పాదంలో మొదలైనది పైకి ఎంతవరకు పాకిందో చెప్పే పరీక్ష ఏ క్లినిక్‌లోనూ లేదు. పొద్దున్నే కారెక్కేవాడు, మూడుసార్లు తొక్కేవాడు, టిక్కు పెట్టేవాడు.

ఆ రోజుల్లో ఆయన శిష్యవర్గంలో రిటైరైన హెడ్మిస్ట్రెస్‌గారొకరున్నారు. వయసు అరవైరెండు. లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పారు. జీవితంలో మొదటిసారి తప్పడం కాబట్టి దాన్ని ఆవిడ పరీక్ష పెట్టేవాళ్ల వైఫల్యంగా పరిగణించారు. గేరు పడకపోతే, "మాట వినాలి!" అని దాన్నే మందలించేవారు.

మంగళవారం పదకొండింటికి ఒక గోడౌను ముందునుంచి వెళుతుంటే గేటులోంచి వ్యాను వెనక్కి వచ్చింది. "బ్రేక్!" అని అరిచాడు మాస్టారు. కుడికాలు దిగింది. కారు జానెడు దూరంలో ఆగింది. వ్యాను డ్రైవరు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

"చూశారా," అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు రొప్పుతూ. "ఆపాను."

"నేనాపాను మేడమ్."

"లేదు మాస్టారూ, నేనే. గట్టిగా తొక్కాను. నా మోకాలు అదిరింది."

"అందరూ అలాగే అనుకుంటారు. మీ కాలు దిగేలోపే నాది దిగుతుంది. అందుకేగా నన్ను పెట్టింది."

"ఒక పిల్ల రాసిన జవాబుకి ఇంకో పిల్లకి మార్కులెయ్యడం నా స్కూల్లో లేదు. మైదానానికి పదండి. తేల్చుకుందాం."

మైదానమంటే స్కూలువాళ్లు ప్రాక్టీసుకి వాడే ఖాళీ స్థలం. ఒక అంచున పాత టైర్ల గుట్ట ఉంటుంది. హెడ్మిస్ట్రెస్‌గారు కారును గుట్టకి ఎదురుగా తిప్పి, మొదటి గేరులో వదిలి, రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకున్నారు. కారు నడిచే మనిషంత వేగంతో కదిలింది.

"ఆపండి," అన్నారు.

మాస్టారు తొక్కాడు. కారు వెళ్తూనే ఉంది.

"ఆపండి మాస్టారూ."

"ఆపుతున్నా."

కారు తాపీగా వెళ్లి టైర్ల గుట్టకి ముక్కు ఆనించి, ఒకసారి దగ్గి, ఆగిపోయింది. పై టైరొకటి దొర్లి బానెట్ మీద కూర్చుంది. మాస్టారు వంగి తన కాలి వంక చూశాడు. పాదం పెడల్ మీదే ఉంది. పెడల్ నేలను అంటుకుపోయి ఉంది. చూసేదాకా ఆ రెండు విషయాలూ ఆయనకు తెలియవు.

హెడ్మిస్ట్రెస్‌గారు గెలిచినట్టు మొహం పెట్టలేదు. "మీ కాలు తొక్కింది. నేను చూశాను," అన్నారు నెమ్మదిగా. "కారే వినలేదు."

వెనక్కి తీసుకెళ్లేవాళ్లు లేరు. లైసెన్సున్నాయనకి కాలు లేదు, కాలున్నావిడకి లైసెన్సు లేదు. మెకానిక్‌కి ఫోను చేసి, ఇద్దరూ చెరొక టైరు మీద కూర్చున్నారు.

"నా పాదానికి స్పర్శ లేదు మేడమ్," అన్నాడు మాస్టారు, ఎటో చూస్తూ. "నాలుగు నెలలవుతోంది."

"ఎవరికి చెప్పారు?"

"భార్య పట్టుకుంది. డాక్టరమ్మ తేల్చింది. నేనుగా చెప్పడం మీకే."

హెడ్మిస్ట్రెస్‌గారు చీర అంచుకి అంటిన టైరు మసి దులుపుకున్నారు. "నేను నాలుగుసార్లు తప్పితే మా కోడలికి రెండేసార్లని చెప్పాను," అన్నారు.

మెకానిక్ వచ్చి కారు కింద దూరి, ఒక తీగ ముక్క పట్టుకుని బయటికొచ్చాడు. "కేబులు తెగింది మాస్టారూ. కొస చూడండి, తుప్పు. ఇవాళ్టి తెగడం కాదిది, ఎంత లేదన్నా రెండు నెలలు. కింద స్ప్రింగుంది కాబట్టి పెడల్ పైకి లేస్తోంది, చూపుకి బానే ఉంటుంది. కానీ తొక్కితే గాలి తొక్కినట్టుంటుంది కదా! రోజూ తొక్కేవారికి తెలియకుండా ఎలా ఉంటుంది?"

మాస్టారు తుప్పు కొసను చేతిలోకి తీసుకున్నాడు. చేతికి మాత్రం బాగానే తెలిసింది, గుచ్చుకుంది. రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఆయన లెక్క ప్రకారం ఒక సైకిలాయన్నీ, చంటిబిడ్డ బండి తోస్తున్న ఒక తల్లినీ, ఒక ట్రాఫిక్ పోలీసునీ తన కాలు కాపాడింది. ప్రతిసారీ శిష్యుల వంక తిరిగి, "నేను లేకపోతే ఏమయ్యేది?" అని అడిగాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో ఇప్పుడు తెలిసింది. ఆయన లేనేలేడు. అరుపు విని ఆ శిష్యులే తొక్కారు. పొద్దున పెట్టిన టిక్కులన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. సిగ్గు పడాలని ఆయనకు తెలుసు. వణకాలని తెలుసు. రెండూ రాలేదు. భార్య దుకాణంలో గోడ మీది చివరి వరస అక్షరాలు కనబడని మనిషిలా, ఏదో అక్కడ ఉందని మాత్రం తెలుస్తోంది.

బావమరిది గదికి మెట్లున్నాయి. మాస్టారు ప్రతి మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. తీగ ముక్కను బల్ల మీద పెట్టి, పాదం సంగతి, డాక్టరమ్మ మాట, టిక్కుల పుస్తకం, అన్నీ వరసగా చెప్పాడు.

బావమరిది తీగ వంక చూశాడు. "బావా, నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికి తెలిసేది? మెకానిక్ కేబులు మార్చి పోయేవాడు."

"ఎవరికీ తెలిసేది కాదు. రేప్పొద్దున మళ్లీ తొక్కి టిక్కు పెట్టేవాణ్ని."

"నాలుగు నెలలు! పక్కనే కూర్చుని టీ తాగాం, ఒక్కమాట అన్లేదు. నేనేమన్నా పరాయివాణ్నా?"

"నువ్వు పరాయివాడివైతే చెప్పేవాణ్నే. నువ్వు థియరీ గదికి తోస్తావు."

"తోస్తాను," అన్నాడు బావమరిది. "ఇవాళే తోస్తున్నాను. అక్కకి నువ్వే చెప్పు, నేను చెప్పలేను." కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నేను కూడా బెల్టు బెల్టు అని చంపాను కదా," అని గొణిగాడు.

అన్ని కార్ల రెండో బ్రేకులూ ఆ మధ్యాహ్నమే పరీక్షించారు. మర్నాటినుంచి పొద్దుటి తనిఖీకి ఇద్దరుండాలని, ఒకరు తొక్కితే ఇంకొకరు చక్రం వంక చూడాలని నియమం పెట్టారు. నియమాల కాగితం కింద మాస్టారు సంతకం చేయలేదు, కానీ చేతిరాత ఆయనదే.

థియరీ గదిలో కుర్చీ లేదని ముందే చెప్పుకున్నాం. మాస్టారు రోజంతా నిలబడి, గోడ నుంచి గోడకి తిరుగుతూ త్రికోణాలు చూపించాడు. డాక్టరమ్మ ఈ మాట విని, "కుర్చీ లేదా? ఎవరు రాశారండీ ఇంత మంచి మందు?" అంది. కునుకు తీసినాయన పుణ్యమని మాస్టారు చెప్పాడు. నాలుగో వారంలో పిక్కలో చీమలు పాకాయి. చీమలు పాకడం శుభమంది డాక్టరమ్మ. ఆరో వారంలో భార్య గుడ్డతో ముట్టుకుంటే, "చిటికెన వేలు," అన్నాడు. ఆవిడ ముట్టుకున్నది దాని పక్కది. ఇద్దరూ దాన్ని సగం మార్కుగా ఒప్పుకున్నారు. ఏడో వారంలో స్నానాల గది నేల చల్లగా ఉందని తెలిసి, ఆయన తలుపు తెరిచి ఆ వార్త ప్రకటించాడు. "చల్లగానే ఉంటుంది, మూయండి," అంది భార్య. ఆ పూట కాఫీలో పంచదార రెండుసార్లు వేసింది.

తొమ్మిదో వారం డాక్టరమ్మ దూదితో పదిచోట్ల ముట్టుకుంది. పదీ సరిగ్గా చెప్పాడు. చేత్తో ఎదురొత్తి పాదం బలం చూసింది. కాగితం రాసిచ్చింది. గంటకు మించి ఏకబిగిన కూర్చోకూడదు, వ్యాయామం మానకూడదు, కాలు గాలిలో వేలాడకూడదు. పాదం నేల మీదే ఉండాలి, అవసరమైతేనే లేవాలి.

"అంతలోపల బ్రేకు అందకపోతే?"

"ఇన్నాళ్లూ అందిందా?"

బావమరిది కాగితం రెండుసార్లు చదివి, తాళాలు బల్ల మీద పెట్టాడు. ముందుకు తొయ్యలేదు, వెనక్కి లాక్కోలేదు. మాస్టారే తీసుకున్నాడు.

హెడ్మిస్ట్రెస్‌గారు ఈ తొమ్మిది వారాలూ వేరే మాస్టారుతో నేర్చుకోనన్నారు. పక్కవాళ్ల పుస్తకంలో చూసి రాయడం తనకి అలవాటు లేదట. ఆ పొద్దున తనిఖీకి ఆవిడే చక్రం పక్కన నిలబడ్డారు. మాస్టారు బూటు విప్పి, మేజోడు కూడా విప్పి, ఉత్తకాలితో రెండో బ్రేకును తొక్కాడు. రబ్బరు మీద మూడు గాడులున్నాయి. ఇరవైమూడేళ్లలో వాటిని లెక్కపెట్టింది అదే మొదలు. పెడల్ బరువుగా, కొంచెం మొండిగా దిగింది.

"బిగిసింది," అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు బయటినుంచి.

ఆయన బూటు వేసుకుని, పాదాన్ని నేల మీద పెట్టి కూర్చున్నాడు. మోకాలు తిన్నగా ఉంది. కారు వీధిలోకి వచ్చింది. మందుల దుకాణం ముందునుంచి, బడి ముందునుంచి వెళ్లింది. పాదం రెండుసార్లు లేచింది. రెండుసార్లూ చేత్తో తొడను అదిమి దింపాడు. గోడౌను గేటు దగ్గర మళ్లీ ఒక బండి వెనక్కి వచ్చింది. ఆయన నోరు తెరిచేలోపే కారు ఆగింది.

"ఎవరాపారు?" అని అడిగారు హెడ్మిస్ట్రెస్‌గారు ముందుకే చూస్తూ.

"మీరే మేడమ్."

అది నిజం. పెడల్‌ని ఆయన ముట్టుకోలేదు. కాలు తొక్కింది పెడల్ పక్కన ఉత్త నేలని. ఎంత గట్టిగా తొక్కిందంటే మడమ నుంచి మోకాలి దాకా చురుక్కుమంది. ఆ మంట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆయనకు ప్రతి అంగుళమూ తెలిసింది. పోనివ్వండి మేడమ్ అనాల్సిన చోట ఆయన అది తగ్గేదాకా దాన్నే గమనిస్తూ కూర్చున్నాడు. వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు.